దొరొఫెయ్ పటకారు

కుర్తిమ్ కార్ఖానాలో మూడో సమ్మెట పేరెత్తితే మావాళ్లు ఇప్పటికీ మాట మార్చేస్తారు. చెరువు గట్టు కింద ఎర్ర ఇటుకల షెడ్డు. అందులో వరసగా ఆరు ఆవిరి సమ్మెటలు. ఐదింటి దగ్గర జనం తింటారు, తిట్టుకుంటారు, కూనిరాగాలు తీస్తారు. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించి... పక్కనుంచి తప్పుకుపోతారు.

ఆదివారం బాయిలరు చల్లారి ఉంటుంది. ఆవిరి లేనిదే సమ్మెట లేవదని మా ఊళ్లో చంటిపిల్లలకి కూడా తెలుసు. అయినా ఆ రోజుల్లో ఆదివారం రాత్రుళ్లు షెడ్డులోంచి ఒక దెబ్బ వినిపించేది. ఒకటే దెబ్బ. కాసేపాగి — ఇంకోటి.

కొట్టేది ఎవరో ఊరంతా గుసగుసలాడుకునేది. ఎందుకు కొడుతున్నాడో మాత్రం ఫెవ్రోనియాకే తెలుసు.

దొరొఫెయ్ ఆమె మొగుడు. పేరు కుదించి ఫెన్యా అని పిలిచేవాడు ఆమెని. గడ్డి కోసే పొడుగు కొడవళ్లకి రేకు సాగదీయడంలో అతన్ని మించినవాడు లేడు. మూడేళ్ల కిందట ఆ మూడో సమ్మెట దగ్గరే, నిలబడ్డవాడు నిలబడ్డట్టే గుండె ఆగి పోయాడు. పటకారు చేతిలోనే బిగుసుకుపోయింది. వేళ్లు ఒక్కొక్కటిగా విడదీయాల్సి వచ్చిందట.

మా కమ్మరుల్లో ఒక పద్ధతి ఉంది. ఎవడి చేతికి సరిపడా పటకారు వాడే చేసుకుంటాడు, ఇంకొకడిది ముట్టడు. వాడు పోయాక నలభై రోజుల్లోపు దాన్ని కొలిమిలో ఎర్రగా కాల్చాలి. ఇంటివాళ్లు మొదటి దెబ్బ వెయ్యాలి. పటకారన్న ఆనవాలు లేకుండా కొట్టెయ్యాలి. లేదంటే ఆ చెయ్యి దాన్ని వెతుక్కుంటూ వస్తుందని పెద్దల మాట.

ఫెవ్రోనియాకి మనసు ఒప్పలేదు. ఆ పిడి మీద మొగుడి అరచెయ్యి పాతికేళ్లు రాసుకున్న నునుపు ఉంది మరి. పాత సామాన్లలోంచి ఏదో తుప్పు పటకారు తీసి, ఇదే ఆయనది అని ఇచ్చేసింది. అసలుది పిండిపెట్టె అడుగున దాచి, ఎవరూ లేనప్పుడు తీసి ఒళ్లో పెట్టుకునేది. పిచ్చి ముండ! తిడదామన్నా నోరు రాదు.

ఆ తర్వాత మూడో సమ్మెట దగ్గర నిలబడ్డ మొదటివాడికి రెండు వేళ్లు పోయాయి. రెండోవాడికి కాలిన రేకు ఎగిరొచ్చి కన్ను పోయింది. పక్కనుంచి ఎవరో పటకారు లాగారని ఇద్దరూ చెప్పారు. దాంతో దాన్ని ఆపేశారు.

ఇంతలో కొత్త మేస్త్రీ వచ్చాడు. చదువుకున్నవాడు. ఈ దెయ్యాలన్నీ వోద్కా సీసాలోంచి దిగినవేనని నవ్వి, సోమవారం నుంచి మూడో సమ్మెట నడవాలన్నాడు. ఎవరు నిలబడతారంటే... దొరొఫెయ్ కొడుకు ఇగ్నాత్, నేను నిలబడతానన్నాడు.

ఫెవ్రోనియా ఏడ్చింది, బతిమాలింది, అన్నం మానేసింది. మా నాన్న నన్నేం చేస్తాడే అని ఇగ్నాత్ నవ్వేశాడు. ఆమెకి మిగిలింది వాడొక్కడే.

ఆదివారం రాత్రి వాడు నిద్రపోయాక పటకారు శాలువాలో చుట్టుకుని బయల్దేరింది. మంచు సన్నగా రాలుతోంది. గేటు దగ్గర కాపలా ఉండేది కొంద్రాతీ తాత, ఒకప్పుడు దొరొఫెయ్‌కి పని నేర్పినవాడు. ఆమె శాలువా విప్పింది. ఆయన లాంతరెత్తి చూశాడు. ఆశ్చర్యపోలేదు.

"నాకు ఆ రోజే తెలుసమ్మా" అన్నాడు మెల్లగా. "వాడి చేతి వెడల్పు నాకు తెలీదూ? నీ మొహం చూసి నోరు మూసుకున్నాను."

"ఇప్పుడు కొట్టేద్దాం తాతా. పొద్దున పిల్లాడు నిలబడతాడు."

ఆయన లాంతరు కిందికి దించాడు.

"నలభై రోజుల్లోపు అయితే పోయేవాడికి దారుంటుంది, ఫెన్యా. మూడేళ్ల తర్వాత... ఎటు పోతాడో నాకు తెలీదు."

"ఎటైనా పోనీ. నా బిడ్డని వదిలితే చాలు."

షెడ్డు తలుపు బార్లా తెరిచి పెట్టారు, పోయేవాడు పోవడానికి. లాంతరు గడప మీద పెట్టారు. మూడో సమ్మెట పక్కనున్న చిన్న కొలిమి రాజేసి తాత తిత్తి తొక్కాడు. లోపల వాళ్లిద్దరే. ఐనా వీపు వెనక ఎవరో నిలబడి పని ఎలా చేస్తున్నారా అని చూస్తున్నట్టే ఉంది ఆమెకి.

పటకారు ఎర్రబడింది. ఎర్రబడి — నిప్పుల్లోనే, ఎవరూ ముట్టకుండానే — మెల్లగా నోరు తెరిచింది.

తాత శిలువ గుర్తు వేసుకున్నాడు. "చూడకు... కొట్టు."

దాన్ని దాగలి మీద పెట్టాడు. ఫెవ్రోనియా సుత్తి ఎత్తింది. "నన్ను క్షమించు, దొరొఫెయ్" అని, కళ్లు మూసుకుని కొట్టింది. ఇంకో దెబ్బ. ఇంకోటి. ఆమె అలిసిపోతే తాత అందుకున్నాడు. ఆఖరికి అక్కడ ఒక నల్లటి ముద్ద మిగిలింది.

ఇద్దరూ తలుపు వంక చూశారు. పోయేవాడు పోతుంటే గాలి బయటికి కొడుతుంది, దీపం వీధివైపు వంగుతుంది. నలభయ్యో రోజున ఎన్నోసార్లు చూసిన సంగతే.

దీపం వంగలేదు. నిటారుగా, కదలకుండా వెలిగింది.

"పోయాడా తాతా?"

"ఇంటికి పో, అమ్మాయ్" అన్నాడాయన. ఆమె వైపు మాత్రం చూడలేదు.

సోమవారం ఫెవ్రోనియా పొద్దుటినుంచి కిటికీ వదల్లేదు. గట్టు మీదుగా ఎవరు పరిగెత్తుకొచ్చినా లేచి నిలబడేది. మధ్యాహ్నం అయింది. ఎవరూ రాలేదు. సాయంత్రం సైరను మోగింది.

ఇగ్నాత్ నడిచే వచ్చాడు. కూడా మేస్త్రీ వచ్చాడు. ఆమె ఇంకేం చూడలేదు, కొడుకు రెండు చేతులూ పట్టుకుని వేళ్లు తడిమింది. పదికి పది ఉన్నాయి. కళ్లు రెండూ ఉన్నాయి. దేవుడి పటం వైపు తిరిగి ఏడ్చేసింది. మూడేళ్లుగా గుండెల మీదున్న బండ దిగిపోయినట్టయింది పాపం.

మేస్త్రీ మురిసిపోతున్నాడు. ఒక్క రేకు పాడవలేదట. కుర్రాడు పొద్దున్నే సొంతంగా కొత్త పటకారు చేసుకుని మరీ మొదలుపెట్టాడట. ఇరవై ఏళ్లు అక్కడే నిలబడ్డవాడిలా చేశాడు, ఇదెవరు నేర్పారమ్మా అని అడిగాడు. ఆమె నవ్వింది. తండ్రి రక్తం కదా బాబూ, అంది. ఇంకేముంది, మేస్త్రీ సెలవు తీసుకుని వెళ్లిపోయాడు.

తలుపు వేసి వచ్చి క్యాబేజీ చారు వేడిగా పోసింది. రొట్టె కోసి పెట్టింది. ఇగ్నాత్ తల వంచుకుని గిన్నె అడుగు కనిపించేదాకా తిన్నాడు. వచ్చిన దగ్గర్నుంచీ ఒక్క మాట మాట్లాడలేదు, అలిసిపోయాడనుకుంది. పక్కన కూర్చుని జుట్టు నిమిరింది.

"ఇంకొంచెం పొయ్యనా నాన్నా?"

వాడు చెంచా పక్కన పెట్టాడు. మెల్లగా తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు. చాలాకాలం తర్వాత చూసినట్టు... ఆబగా.

"చాల్లేవే, ఫెన్యా" అన్నాడు. "ఆవిరి స్నానాల గది వేడి చెయ్యి. మూడేళ్లయింది ఒళ్లు కడుక్కుని."