పై అంతస్తు కుళాయి

"చూసేశాను నాన్నా! కాలేజీ మొత్తం చూసేశాను!"

ఫోన్ పైకెత్తి పట్టుకుని రమ్యశ్రీ పొలం గట్టు మీద పరుగెత్తుకొచ్చింది. ఆమెది ఆరో తరగతి. ఆ రోజు బడికి సెలవు. టైము మూడున్నరయింది.

ఐదింటికల్లా ఫోన్లో సీటు ఖాయం చేసుకోవాలి. లేకపోతే ఇంకొకరికి పోతుంది.

ఆ సీటు అక్క భావనది. ఫుడ్ టెక్నాలజీ కోర్సు. కాలేజీ ఎక్కడో మంగళూరు అవతల. వెళ్ళి చూసి రావాలంటే రాత్రంతా బస్సులో కూర్చోవాలి. నాన్న నాగేంద్రబాబు కదిలే వీల్లేదు. పన్నెండు రోజులు ఎదురు చూశాక నిన్ననే కాలువ నీళ్ళు వాళ్ళ మడిదాకా వచ్చాయి. రేపటితో వంతు అయిపోతుంది. ఈలోగా నాట్లు పడాలి.

"చూడని చోటికి పిల్లని పంపను. పక్కనే సింధనూరులో డిగ్రీ కాలేజీ లేదా?" అని నాన్న పొద్దున్నే తేల్చేశాడు.

"ఈ కోర్సు అక్కడ లేదు. నేను వెళ్తే ఆ కాలేజీకే వెళ్తాను," అని భావన కూడా తేల్చేసింది.

మధ్యలో రమ్యశ్రీ దూరింది. "వెళ్ళకపోతే చూడలేమా? ఇక్కణ్ణుంచే చూసి చూపిస్తాను!"

అన్నట్టే కాలేజీవాళ్ళు నెట్లో పెట్టిన వీడియో తెచ్చింది. నాన్న చేతుల నిండా బురద. అందుకని తనే ఫోన్ ఆయన ముందు పట్టుకుంది. పచ్చటి లాన్లు, తళతళలాడే ల్యాబు, గులాబీ రంగు లేడీస్ హాస్టలు.

"హాస్టల్ కాలేజీ లోపలేనా?"

"లోపలే! ఫోన్ చేసి కనుక్కున్నాగా!"

నాన్న ముఖం కాస్త మెత్తబడింది. "లోపలే అయితే... సరే, చూద్దాం," అంటూ మళ్ళీ మడిలోకి దిగాడు.

గట్టు మీద టీ తాగుతున్న తాతయ్య హనుమయ్య కళ్ళు చికిలించాడు. "ఎవర్ని కనుక్కున్నావే?"

"ఆఫీసువాళ్ళని."

తాతయ్య పకపకా నవ్వాడు. "కాలువ మొదట్లో ఉన్నవాణ్ణి అడిగొచ్చావన్నమాట! వాడికెప్పుడూ నీళ్ళే. నీళ్ళొచ్చిందీ రానిదీ ఆఖరి మడివాణ్ణి అడగాలే పిచ్చిదానా!"

రమ్యశ్రీకి ఒళ్ళు మండింది. "అయితే ఆఖరివాళ్ళనే పట్టుకుంటా, చూడు!"

అక్కకి పీయూలో, అంటే ఇంటర్లో, పాఠం చెప్పిన జయాబాయి మేడంకి ఫోన్ చేసింది. అరగంటలో మేడం ఒక నంబరు పంపారు. పేరు స్ఫూర్తి. అదే కాలేజీలో రెండో సంవత్సరం. వాళ్ళ నాన్న హట్టి బంగారు గనిలో పనిచేస్తాడు.

"హాస్టల్ లోపల్నా? ఎవరు చెప్పిన్రు నీకు?" అంది స్ఫూర్తి. "ఆ బిల్డింగ్ ఇంకా తెరవనే లేదు చెల్లీ. మేమంత ఊర్ల అద్దె బిల్డింగుల ఉంటం. నాలుగు కిలోమీటర్లు. కాలేజీ నుంచి సాయంత్రం ఆరుకి ఒక్కటే బస్సు. అది పోతే నడుసుడే."

"మరి... చదువు?"

"చదువు మస్తుంటది. లేకుంటే నేను గిట్ల ఎందుకుంట?"

ఫోన్ పెట్టేసరికి నాలుగున్నర.

నాన్నకి ఈ సంగతి తెలియదు. ఐదు దాకా నోరు మూసుకుంటే చాలు, సీటు అక్కదే.

మడిలోంచి నాన్న గొంతు వినిపించింది. నాట్లు వేస్తున్న చెన్నవ్వతో చెబుతున్నాడు. "హాస్టల్ లోపలేనంట. మా చిన్నది కనుక్కుంది."

ఆ మాట రమ్యశ్రీకి ముల్లులా గుచ్చుకుంది. చెప్పులు విడిచి బురదలోకి దిగింది.

"నాన్నా, నేను చెప్పింది తప్పు. హాస్టల్ లోపల లేదు." మిగతాది కూడా ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

నాన్న నడుం నిటారు చేశాడు. "ఇంకేముంది, సింధనూరే."

"నాలుగు కిలోమీటర్లకా?" పక్కనే నారు అందిస్తున్న భావన చేతిలోని కట్ట దభీమని పడింది. "పీయూకి రెండేళ్ళు రోజూ పదకొండు కిలోమీటర్లు వెళ్ళొచ్చాను, సగం రోజులు బస్సు మెట్టు మీద నిలబడి! అప్పుడు లేని భయం ఇప్పుడెందుకు?"

"నువ్వే చూడు నాన్నా. వీడియో కాల్ చేస్తా. ఏం చూపించాలో నువ్వే అడుగు!" అంది రమ్యశ్రీ. జవాబు కోసం ఆగకుండానే స్ఫూర్తికి కాల్ చేసింది.

ఈసారి లాన్లు లేవు. ఊళ్ళోని హాస్టల్లో ఇరుకు మెట్లు, వరసగా బకెట్లు. నాన్న ఫోన్ మీదికి వంగాడు.

"పై అంతస్తుకి వెళ్ళమను. ఆ చివరి కుళాయి తిప్పమను."

స్ఫూర్తి రొప్పుతూ మెట్లెక్కింది. "ఏంది చెల్లీ, మీ నాన్న కాలేజీ సూడకుంట నల్లా సూస్తడా?"

తిప్పింది. కుళాయి గుర్రుమంది. ఏమీ రాలేదు. నాట్లు ఆపి చెన్నవ్వ కూడా ఫోన్ వైపు వంగింది. అప్పుడు దారంలా నీళ్ళు మొదలయ్యాయి.

బకెట్టులో బెత్తెడు నీళ్ళు నిండేదాకా నాన్న కళ్ళు తిప్పలేదు.

"సన్నగా ఉంది," అన్నాడు.

"వస్తోందిగా," అంది భావన.

నాన్న కాలువలో చేతులు కడుక్కుని తువ్వాలుతో తుడుచుకున్నాడు. "ఆరింటి బస్సు తప్పకూడదు."

"తప్పనివ్వను."

"ఎక్కడ నొక్కాలో చూపించు."

ఐదుకి పది నిమిషాలుంది. నాన్న వేలు ఫోన్ మీదికి వెళ్ళింది. రమ్యశ్రీ గబుక్కున ఆ చెయ్యి పట్టుకుంది.

"ఆగు నాన్నా! స్ఫూర్తి అక్కా, మెస్సులో ఆఖరున వచ్చేవాళ్ళకి కూర మిగులుతుందా?"

"అస్సలు మిగలదు చెల్లీ. జల్ది పోవాలె!"

"జల్దీయే పోతాలే!" అంటూ భావన తనే బటన్ నొక్కేసింది.