పట్టీలు వేయడానికెళ్లి ప్రకటనలో లేచి నిలబడ్డాను

రేపల్లె పాసింజరులో ఒళ్లో అయిదు చెక్కముక్కలు పెట్టుకుని కూర్చున్నవాణ్ణి చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. ఆ నెలలో నేను అలా నాలుగుసార్లు వెళ్లాను. ఒక్క ఇంటి కోసం. నిజం చెప్పొద్దూ, ఒక్క మనిషి కోసం.

నా పేరు శాలేమురాజు. మాది తెనాలి పక్కన అంగలకుదురు. కిటికీ చట్రానికీ గోడకీ మధ్య సందు కనపడకుండా చుట్టూ చెక్కపట్టీ వేస్తారు చూశారూ, అది చెయ్యడం నా పని. రేపల్లెలో రిటైరైన హెడ్మాస్టరు ఆశీర్వాదం గారు ఫోన్ చేసి, ఇంటికి రంగులేయిస్తున్నాం, ముందుగది కిటికీలకి పట్టీలు కావాలన్నారు. ఏ రకం అనడిగితే కాస్త నసిగి, అమ్మాయి చెప్తుందని పెట్టేశారు.

ఆ అమ్మాయి దేవకుమారి, బాపట్లలో టీచరు. తలుపు తీసి, మంచినీళ్లయినా అడక్కుండా నా చేతిలో ముక్కలు లాక్కుని, ఒక్కోటీ గోడకి ఆనించి చూసింది. చెక్కుడు పువ్వులున్నది మంచానికి బాగుంటుందంది. తెల్లది ఆస్పత్రికి పనికొస్తుందంది. నాకు ఒళ్లు మండింది.

"సరే, ఇవేవీ ఎందుకు బాలేవో చెప్పండి" అంది మళ్లీ తనే. "నాకు బాలేవని తెలుస్తోంది గానీ ఎందుకో తెలీట్లేదు."

అప్పుడు చెప్పాను. పాత ఇల్లు, ఎత్తైన కప్పు, మందం గోడలు, ఎర్రగచ్చు. ఇక్కడ రెండంగుళాల పట్టీ వేస్తే పెద్దాయనకి చిన్నపిల్లాడి చొక్కా తొడిగినట్టుంటుంది. నాలుగంగుళాలుండాలి, నగిషీ వద్దు. రంగు మాత్రం గదిలో ఉండే సామాన్ని బట్టి. ఆమె చెయ్యి గడ్డం కింద పెట్టుకుని వింది. పొద్దున ఎండలో ఎలా ఉంటుంది, సాయంత్రం లైటేస్తే ఏమవుతుంది, అంచు గుండ్రంగా చేస్తే నీడ మారుతుందా అని ఒకటే ప్రశ్నలు. చెక్క గురించి అంతసేపు నా మాట విన్నవాళ్లు మా ఇంట్లో కూడా లేరు. నా కోపం ఏ స్టేషన్లో దిగిపోయిందో నాకే తెలీదు.

రెండోసారి వెళ్లినప్పుడు అసలు చిక్కు చెప్పింది. గదిలో ఓ మూల వాళ్లమ్మ గారి నల్లటేకు బీరువా. ఆవిడ పోయి ఏడేళ్లు. ఎదురుగోడకి లేతరంగు సామాను రాబోతోందట. "అమ్మ బీరువా మూలకి నెట్టేసినట్టు ఉండకూడదండి. కొత్తగా వచ్చేది అరువు తెచ్చినట్టూ ఉండకూడదు. రెంటికీ నప్పేది కావాలి."

కొత్త సామాను, ఇంటికి రంగులు. మా వైపు ఇంటికి సున్నం పడిందంటే ఆ ఇంట్లో పెళ్లన్నమాట. పెళ్లీడు పిల్ల ఎదురుగానే ఉంది. ఇంక అడిగేదేముంది? ఎవర్నీ అడగలేదు. మూడోసారి వెళ్లినప్పుడు అడిగినదానికి అవునండి, లేదండి తప్ప మాట్లాడలేదు. నామీద కోపమా అనడిగింది. పనెక్కువండీ అన్నాను. ఆమె మొహం చిన్నబోయింది. నాకూ ఆ రాత్రి అన్నం సయించలేదు.

నాలుగోసారి తేనెరంగు పట్టీ తీసుకెళ్లాను. నాలుగంగుళాలు, సాదా, అంచు మాత్రం కాస్త గుండ్రం. దేవకుమారి దాన్ని గోడకి ఆనించి దూరం జరిగి, బీరువా వైపూ ఎదురుగోడ వైపూ మార్చి మార్చి చూసింది. తర్వాత కళ్లు తుడుచుకుని ఇదేనండి అంది. ఆదివారం గుడిలో మొదటి ప్రకటన చదువుతారు, మీరూ రండి అని పిలిచింది.

మా క్రైస్తవుల గుళ్లలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు పేర్లు చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పమంటారు. వెళ్లకపోతే బాగుండేది. ఎవడో చూద్దామని కుతూహలం చంపేసింది.

చివరి బెంచీలో కూర్చున్నాను. ఆశీర్వాదం గారి పేరు వినగానే, పెళ్లికూతురి తండ్రిగా చదివారనుకుని, మిగతాది చెవికెక్కించుకోలేకపోయాను. బయటికి పోదామని లేచాను. సరిగ్గా అప్పుడే పాస్టరు అయ్యగారు, అభ్యంతరమున్నవాళ్లు లేచి చెప్పండన్నారు. గుడి గుడంతా వెనక్కి తిరిగింది.

"ఏం బాబూ, ఉందా?"

"ఉందండి." నోరు జారింది.

అయ్యగారు కళ్లజోడు సర్దుకున్నారు. "వరుడు ఆశీర్వాదం గారికి అరవై మూడు. వధువు పుష్పలత టీచరుగారికి యాభై ఆరు. ఇద్దరికీ తోడు లేదు. ఇందులో నీ అభ్యంతరమేంటి నాయనా?"

ముందు బెంచీలో ఆశీర్వాదం గారు తలొంచుకున్నారు. చెవులు ఎర్రబడ్డాయి. ఆ పెద్దాయన్ని అలా చూసి సిగ్గుతో చచ్చిపోయాను. "ఏమీ లేదండి. క్షమించండి. చాలా సంతోషం" అన్నాను. గుడిలో నవ్వులు. దేవకుమారి నవ్వలేదు.

ఆరాధన అవగానే బయట చినుకుల్లో నన్ను పట్టుకుంది.

"నాన్నని ఒప్పించడానికి రెండేళ్లు పట్టిందండి. నలుగురూ ఏమంటారోనని ఆయన భయం. మీరేమో నలుగురిలో లేచి నిలబడ్డారు. ఎందుకు?"

ఇంక దాచేదేముంది. "మీ పెళ్లనుకున్నానండి."

"నా పెళ్లైతే మీకేంటి?"

"మీరంటే నాకిష్టం. అదీ నా అభ్యంతరం."

ఆమె చున్నీ కొసతో మొహమ్మీద చినుకులు తుడుచుకుంది. అదే పనిగా తుడుచుకుంటూనే ఉంది. నవ్వు దాచుకుంటోందని కాసేపటికి గానీ నాకు అర్థం కాలేదు.

వెనకే వచ్చిన పుష్పలత గారు అంతా విన్నారు. ఆవిడే నన్ను పిలిచి, మీ అమ్మగారు ఏ రోజు ఇంట్లో ఉంటారు బాబూ అనడిగారు. "అమ్మాయి తరఫున మాట్లాడ్డానికి ఎవరో ఒకరం రావాలి కదా."

దేవకుమారి గభాల్న ఆవిడ చెయ్యి పట్టుకుంది. "ముందు మీ పెళ్లి కానివ్వమ్మా."

అప్పటిదాకా ఆవిణ్ణి టీచరుగారనే పిలిచేదట. అమ్మా అనడం అదే మొదలు. పుష్పలత గారు నన్నేమడిగారో మర్చిపోయి అలాగే నిలబడిపోయారు.

నేను మాత్రం మర్చిపోలేదు. "మా అమ్మ మంగళవారం ఉంటుందండి" అన్నాను.