సైలెన్సర్‌లో ఎర్ర కాగితం

అయిజలో ఆ ఉదయం చచ్చింది మనిషి కాదు, కారు.

"మా ఆయన కారు మేడం. ఎవరో ఖరాబ్ చేసిన్రు. కేసు రాయుండ్రి," అంది ఇందిరమ్మ.

ఎస్.ఐ. తేజస్విని ఆమె ఇంటి కారు షెడ్డులోకి నడిచింది. పాత పెట్రోల్ కారు. దాన్ని టాక్సీగా తోలిన శంకరయ్య నిరుడు పోయాడు. ఇందిరమ్మకు డ్రైవింగ్ రాదు. రోజూ స్టార్ట్ చేసి, ఆ చప్పుడు వింటూ కూర్చుంటుంది. ఆ ఇంట్లో మరో చప్పుడు లేదు పాపం.

"మెకానిక్ ఏమన్నడు?"

"పెట్రోల్, బ్యాటరీ, ప్లగ్గు అన్నీ మంచిగున్నయన్నడు. స్టార్టయితది, ఎంటనే ఆగిపోతది."

"అనుమానం?"

"పక్కింటి దేవమ్మ. గోడ కాడ లొల్లయినప్పటి సంది మాటల్లేవు."

"కారులో కూర్చున్నప్పుడు షెడ్డు షట్టర్?"

"దించుకుంట. ఏడుస్తుంటె నలుగురు సూస్తరు గద."

"తలనొప్పి వస్తదా?"

"రోజూ. మొన్న బయటికొచ్చి కండ్లు తిరిగి పడ్డ."

అందరూ బానెట్టే ఎత్తి చూశారు. తేజస్విని మాత్రం కారు వెనక్కి వెళ్లి వంగింది.

సైలెన్సర్ గొట్టంలో తడి చీరపేలిక కుక్కి ఉంది. బయటికి లాగింది. దానికి ఎర్ర కాగితం ముక్క అంటుకుంది. విత్తనాల కోసం వేసే సీడ్ పత్తి చేలల్లో క్రాసింగ్ చేసే, అంటే చేత్తో పుప్పొడి అద్దే కూలీలు మొగ్గలకు తొడిగే కాగితం.

"దేవమ్మ క్రాసింగ్‌కు పోతదా?"

"పోతది! నేను చెప్పలే?"

దేవమ్మను పిలిపించారు. తల వంచుకుని నిలబడింది.

"ఇందిరమ్మగారూ, ఇంజన్ గాలి పీల్చి, పెట్రోల్‌తో కలిపి గట్టిగ నొక్కుతది. ప్లగ్గు నిప్పంటిస్తది. ఆ మంట పిస్టన్‌ను తోస్తేనే బండికి బలం. తర్వాత పొగ బయటికి పోవాలె. పోకుంటే కొత్త గాలికి జాగ ఉండదు, బండి ఆగుతది," అంది తేజస్విని.

"అయితే ఈమెనే ఆపింది!"

"అవును. షట్టర్ దించి మీరు రోజూ పీల్చింది ఆ విషపు పొగనే. ఈమె బండి ఆపకుంటే నేను మీ శవానికి పంచనామా రాసేదాన్ని."

ఇందిరమ్మ దేవమ్మ వైపు తిరిగింది.

"నోటితో చెప్పొచ్చు గదా?" తేజస్విని దేవమ్మను అడిగింది.

"మాటల్లేవు గద మేడం, ఎట్ల చెప్త? మూసిన రూంల జనరేటర్ పొగకే మా తమ్ముడు సచ్చిండు. ఈమె పడ్డప్పుడు గోడ మీదికెళ్లి సూసిన. పానం ఆగలే, గుడ్డ కుక్కిన."

"కేసు రాయమంటారా?" తేజస్విని ఇందిరమ్మను అడిగింది.

ఇందిరమ్మ వెళ్లి షట్టర్‌ను పూర్తిగా పైకి లేపింది. కారు ఎడమవైపు తలుపు తీసి పట్టుకుంది.

"ఎన్ని దినాలు గోడ మీదికెళ్లి సూస్తవ్, దేవమ్మా? కూసో. స్టార్ట్ చేస్త."