అమ్మ అతికించిన జుట్టు

"ఈ సీటు ఖాళీయేనా?"

"హాలంతా ఖాళీయే విఠల్. వేరే చోట కూర్చో," అంది గీతిక.

విఠల్ ఆమె పక్కనే కూర్చున్నాడు. రెండు వారాలుగా ఆమె అతని ఫోన్ ఎత్తడం లేదు. ఎందుకెత్తుతుంది? ఈ పరాయి దేశంలో, టార్నీట్ పేటలోని ఇంట్లో అతని తల్లి రత్నకుమారి పోయాక, కర్మ రోజున పంతులుగారు గుండు చేయించుకోమంటే, "ఆఫీసులో బాగోదండీ," అన్నాడు ఈ మహానుభావుడు, అదీ నలుగురిలో. రెండేళ్లు ఆవిడ చేతి పప్పుచారు తిన్న గీతిక ఆ మాట విని చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

పాత సినిమా రీళ్లు బాగుచేయడం గీతిక ఉద్యోగం. ఈ మధ్యాహ్నం వేసింది వందేళ్లనాటి ఫ్రెంచి మూకీ, ఎవరూ పట్టించుకోని కామెడీ. చూడ్డానికి వచ్చింది తొమ్మిది మంది. బట్టతలను విగ్గు కింద దాచుకుని ఒక షోకిలా రాయుడు ప్రియురాలి చుట్టూ తిరుగుతుంటాడు. గాలి వీస్తే చాలు, స్తంభాన్ని కరుచుకుంటాడు. అందరూ నవ్వారు. విఠల్‌కి మాత్రం నవ్వు రాలేదు. చివరికి తెర మీద విగ్గు ఎగిరి ప్రియురాలి కాళ్ల దగ్గర పడింది. ఆమె వంగింది. అంతలో తెర తెల్లబడింది.

"తర్వాత?"

"లాస్ట్ రీల్ పోయింది. ఆమె ఏం చేసిందో ఎవరికీ తెలీదు."

లైట్లు వెలిగాయి. జనం గొడుగులు తీసుకుని వెళ్లిపోయారు.

"నేను గుండు ఎందుకు వద్దన్నానో చెప్పనా?"

"షోకు. తెలుసు."

"షోకే," అంటూ విఠల్ మెడ వెనక చెయ్యి పెట్టి జుట్టు పట్టి లాగాడు. జిగురు వదిలి మొత్తం చేతిలోకి వచ్చేసింది. నున్నటి నెత్తి, చెవుల చుట్టూ కాస్త జుట్టు మిగిలాయి.

"ఫోర్ ఇయర్స్ అయింది. వెనకాల నాకు అందదు. అమ్మే అతికించేది. ఆ పిల్లకి చెప్పెయ్యరా అని ప్రతిసారీ అనేది. నువ్వు వెళ్లిపోతావని భయమేసింది. ఆ రోజు కత్తి పెడితే నీ ముందే ఊడిపోయేది. అందుకని అమ్మకి..." వెక్కి వెక్కి ఏడ్చాడు.

గీతిక నవ్వలేదు, ఓదార్చలేదు.

"బట్టతలకి నేను వెళ్లేదాన్ని కాదు. ఆంటీకి నువ్వు చేసినదానికి వెళ్లా. ఆ కోపం ఇంకా పోలేదు."

"ఉండనీ."

"మాసికం ఎప్పుడు?"

"సాటర్డే."

ఆమె అతని చెవి పైన మిగిలిన జుట్టును వేలితో తాకింది.

"పొద్దున్నే వస్తా. ఉన్న ఈ కాస్తయినా అమ్మకివ్వు. వెనక నీకు అందదుగా, నేను గీస్తాను."