నాలుగో పూత

"తలుపు! తలుపు!" అని అరిచాడతను, తల ఎత్తకుండానే.

వచ్చిన అమ్మాయి గుమ్మంలోనే ఆగిపోయింది. చేతిలో దుప్పటి చుట్టిన పొడుగాటి మూట. "తలుపుకేమైంది?"

"వెయ్యండి ముందు! దుమ్మొస్తోంది."

"లోపలుండి వెయ్యాలా, బయటుండి వెయ్యాలా?"

అప్పుడు తలెత్తాడు. ఎత్తినవాడు జవాబు మర్చిపోయాడు. బయట చినుకులు మొదలైనట్టున్నాయి, ఆమె జుట్టు మీద అక్కడక్కడా మెరుస్తున్నాయి. మనవాడి చేతిలో కుంచె, కుంచె కొసన వార్నిష్ చుక్క. ఆ చుక్క సరాసరి వెళ్లి అతని చెప్పు మీదే పడింది.

"ఊరికే అరవలేదండీ. పూత తడిగా ఉన్నప్పుడు ఇంత నలుసు పడినా పని మళ్లీ మొదటికొస్తుంది."

"ఆ మాటేదో మెల్లగా చెబితే వినపడదా నాకు?" అంటూ ఆమె తలుపు వేసింది. లోపలుండే వేసింది.

ఆ వీధిలో అతన్ని అందరూ కర్రల డాక్టరంటారు. పాత గాలపు కర్రలకు వైద్యం చేస్తాడు. చేపలు పట్టే కర్రకు వైద్యమేమిటని నవ్వకండి. అవి మామూలు బొంగులు కావు. వెదురును సన్నగా చీల్చి, ఆరు పలకల్ని కలిపి అతికించి, ఒక్క కర్రగా చేసినవి. ఫైబర్ కర్రలొచ్చాక ఇవన్నీ అటకలెక్కాయి. మనవాడు ఇల్లిల్లూ తిరిగి వాటిని దించుకొచ్చి, బాగుచేసి, అమ్మబుద్ధి కాక గోడకు వేలాడదీసుకుంటాడు. ముందు గదిలో వాళ్లక్క టైలరింగ్ షాపు. గాలపు తీగ జారే రింగుల్ని కర్రకు కట్టే పట్టుదారమంతా అక్కడ కొట్టేసిందే.

"ఈ గోడ చూస్తే నీకు పిల్లనెవరిస్తార్రా?" అనేది అక్క రోజూ పాడే పాట.

ఆ అమ్మాయి మూట విప్పింది. అతను కుంచె పక్కన పెట్టాడు. తేనెరంగు వెదురు, రెండు ముక్కలు. ముక్కల్ని కలిపే ఇత్తడి పొన్ను వదులైంది, దారాలు చివికిపోయాయి, పాత వార్నిష్ పొట్టులా రాలుతోంది. అయినా ఎంత అందంగా ఉందో!

"మా తాతయ్యది," అందామె. "ఇది తప్ప ఇంకోటి ముట్టుకోడు. ఇది పాడైనప్పట్నుంచీ ఇంట్లో కూర్చుని అందరికీ వంకలు పెడుతున్నాడు. నిన్న మా అమ్మకి కూర కలపడం నేర్పాడు. అమ్మ అలిగి పడుకుంది."

"ఎప్పటికి కావాలి?"

"ఈ నెలాఖరుకి చెరువు మూసేస్తారు, చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఈలోగా ఆయన నాలుగు రోజులైనా గట్టు మీద కూర్చోవాలి. మాటిచ్చాను." ఆమె గొంతు తగ్గింది. "ఈమధ్య చెయ్యి వణుకుతోంది. మళ్లీ చెరువు తెరిచేసరికి కర్ర పట్టగలడో లేదో."

"అయిపోతుందండీ. దారాలు కట్టి, పొన్ను బిగించి, మూడు పూతలు వేస్తే చాలు. ఆరడానికే టైము."

"సరే, రేపొచ్చి కనుక్కుంటా."

అన్నట్టే వచ్చింది. మర్నాడూ వచ్చింది. ఆమె పళ్ల డాక్టరు. క్లినిక్కు మూసి, రెండు బస్సులు మారి, సాయంత్రానికి గుమ్మంలో ఉండేది.

"ఆరిందా?"

"ఎక్కడండీ! వాన కదా, గాలంతా చెమ్మ."

"మా పేషంట్లకి నేను పెట్టింది నిమిషంలో గట్టిపడుతుంది."

"మీ పేషంట్లు ఎండలో ఊగరు కదా."

"మీ కర్రలకి నోరుండదు కదా. నా కష్టం మీకేం తెలుసు?"

ఇలా సాగేది. ఆమె స్టూలు మీద కూర్చుని గోడ మీది కర్రల కథలు అడిగేది. అతను ఒకటి చెబితే ఇంకోటి చూపించేది. వాన తగ్గాక వెళ్దామనుకునేది, తగ్గినా కాసేపు కూర్చునేది. కొత్త దారం రంగు కూడా ఆమే ఎంచింది, ముదురాకుపచ్చ.

ఇంతలో కొంప మునిగింది. మూడో పూత ఆరిపోయింది.

అద్దంలా ఆరింది. ఇక ఇచ్చేయడమే. ఆమె తీసుకుని, థాంక్సండీ అని వెళ్లిపోతుంది. అతను కర్ర వంక చూశాడు, ఖాళీ స్టూలు వంక చూశాడు, కుంచె తీసుకున్నాడు.

"మూడన్నావు కదరా?" అంది గుమ్మంలోంచి అక్క.

"వాన కదక్కా. ఇంకొకటుంటే గట్టి."

"ఊఁ. వానకే వేస్తున్నావులే."

నాలుగోది ఆరింది. అతను ఐదోది వేశాడు.

అదీ ఆరిన సాయంత్రం, టీ తేవడానికి వెళ్లిన అతను తిరిగొచ్చేసరికి ఆమె కర్రను కలిపి చేత్తో పట్టుకుని ఉంది. మెల్లగా ఊపింది. మొహం చిట్లించి మళ్లీ ఊపింది.

"ఇదేంటి, మొద్దులా తయారైంది?"

టీ గ్లాసులతో అతను గుమ్మంలోనే ఆగిపోయాడు.

"చిన్నప్పుడు దీంతోనే నేర్చుకున్నాను. ఊపితే కొసదాకా జివ్వుమనేది." వేలికొసతో కర్రను తడిమింది. పళ్ల మీద వెంట్రుకవాసి తేడా పట్టే వేళ్లవి. "ఎన్ని పూతలు వేశారు?"

అతను ఒక టీ గ్లాసు ఆమె వైపు చాచాడు.

"అడిగేది మిమ్మల్నే."

"ఐదు."

"ఎందుకు?"

వాన అనొచ్చు, చెమ్మ అనొచ్చు. నోట్లో అబద్ధాలు వరసగా నిలబడే ఉన్నాయి. కానీ ఆ కళ్లలోకి చూసి అబద్ధమాడటం అతని వల్ల కాలేదు.

"మూడు పూతలకే ఇచ్చేస్తే మీరిక రారని."

ముందు గదిలో కుట్టుమిషను టక్కున ఆగింది.

"మీరంటే నాకిష్టమండీ. చాలా ఇష్టం. నోటితో చెప్పే ధైర్యం లేక కర్ర మీద పూశాను."

ఆమె మొహం ఎర్రబడింది, సిగ్గుతో కాదు. "ఇష్టమైతే నాతో చెప్పాలి! పొద్దున్నే టోపీ పెట్టుకుని వాకిట్లో కూర్చుంటున్నాడు మా తాతయ్య, ఇవాళైనా కర్ర వస్తుందేమోనని. చెరువుకి రేపొక్కరోజే మిగిలింది. ఆయన రోజులు మీరెలా తీసుకుంటారు?"

అతను టీ పక్కన పెట్టి కర్ర అందుకున్నాడు. "తప్పు నాదే. చీకటి పడేలోపు బాగుచేసిస్తాను."

"ఇంకో పూతా?"

"కాదండీ. పై రెండూ తీసేస్తాను. సన్న గరుకు కాగితం తడిపి రుద్దితే చాలు. ఆరబెట్టే పనే ఉండదు."

కూర్చున్నాడు. కంగారులో గట్టిగా రుద్దాడు. ఆమె కాసేపు చూసి, ఇక ఉండలేక, "అలాగైతే దారాలు తెగుతాయి. ఇటివ్వండి," అని స్టూలు లాక్కుంది. ఒక ముక్క ఆమె, ఒక ముక్క అతను.

చల్లారిన టీ మళ్లీ వేడిచేసి పట్టుకుని అక్క వచ్చింది. "ఒక మాటడగనా అమ్మా? ఆరిందో లేదో కనుక్కోవడానికి ఫోను చెయ్యొచ్చుగా. రోజూ రెండు బస్సులు మారి రావడమెందుకు?"

ఆమె చెయ్యి ఆగింది. "క్లినిక్కులో సిగ్నల్ ఉండదండీ."

"పాపం," అని అక్క బుద్ధిగా వెళ్లిపోయింది.

కాసేపయ్యాక ఆమె తలెత్తకుండానే అంది. "సిగ్నల్ బాగానే ఉంటుంది."

అతను కాగితం జారవిడిచాడు.

మర్నాడు చెరువు గట్టు మీద తాతయ్య అతని చేతిలోంచి కర్ర అందుకున్నారు. వణికే చేత్తోనే గాల్లో ఒకసారి ఊపారు. కర్ర కొసదాకా జివ్వుమంది. ఆయన మొహం విప్పారింది. గాలపు తీగ సాగి నీళ్ల నడిమిదాకా వెళ్లి చప్పుడు లేకుండా వాలింది. "ఆఁ! ఇదీ నా కర్ర!" అన్నారు.

మనవరాలు కళ్లతో వద్దు వద్దంటూనే ఉంది. అతను వినలేదు.

"తాతగారూ, ఇది వారం కిందటే మీ చేతికి రావాల్సింది. నేనే ఆపాను." ఎందుకో కూడా చెప్పేశాడు, ఆమె అంటే ఇష్టమన్న చివరిమాటతో సహా.

తాతయ్య గాలం మెల్లగా వెనక్కి లాక్కున్నారు. "అంటే నా వారం నువ్వు తినేశావు."

"అవునండీ."

"రేపట్నుంచి చెరువు మూత. ఇంట్లో నాకు పొద్దుపోదు. మళ్లీ తెరిచేదాకా రోజూ సాయంత్రం వచ్చి, నా ఎదురుగా కూర్చుని నా కబుర్లు వినాలి. అదే నీకు శిక్ష."

"అది శిక్షా తాతయ్యా?" అంది మనవరాలు.

"నా కబుర్లు నువ్వు విన్నావుగా. నువ్వే చెప్పు."

ఆమె పకపకా నవ్వింది. తాతయ్య గొంతు సవరించుకున్నారు. "మొదటి రోజు మీ అక్కను కూడా వెంటబెట్టుకురా. వీళ్లమ్మతో మాట్లాడే పనుంటుంది మరి."

ఆమె దగ్గరగా వచ్చి గొంతు తగ్గించింది. "మీరంటే నాకూ ఇష్టమే. కానీ ముందే చెబుతున్నా, మా తాతయ్య కబుర్లు ఒక్క సీజనులో అయ్యేవి కావు. జన్మంతా వింటూ ఉండాలి. ఆలోచించుకోండి."

"ఆలోచించేశానండీ," అన్నాడతను.

"ష్! చేపలు బెదురుతాయి," అని తాతయ్య ఇద్దర్నీ కసిరారు.