పాలరాతి మీద మాసిన అడుగులు

సోంపేట నుంచి జలంత్రకోట పోయే దారిలో, జీడితోటలు దాటగానే ఎడమవైపు కొత్త మేడ ఒకటుంది. చీకటి పడ్డాక దాని ముందు ఆటో ఆపమంటే ఏ డ్రైవరూ ఆపడు. కాస్త ముందుకు పోయి దింపుతానంటాడు. తన ధైర్యం గురించి మాత్రం దారి పొడుగునా చెబుతాడు.

ఆ ఇంట్లో దెయ్యం నడుస్తుందని పేరు. అద్దంలా మెరిసే కొత్త పాలరాతి మీద… గుమ్మం నుంచి హాలు మధ్యదాకా… వెలిసిపోయినట్టు మాసిన అడుగులు. తుడిస్తే పోవు. సబ్బేసి రుద్దినా పోవు. పైగా రోజురోజుకీ పెరుగుతున్నాయట. నేను విన్నది విన్నట్టు చెబుతున్నాను.

మేడ ఢిల్లీరావుది. సముద్రం మీద వేటకెళ్లే ఇంట్లో పుట్టి, రొయ్యల వ్యాపారంలో పైకొచ్చిన మనిషి. ఎంత పైకంటే, కన్నతల్లి వాసన కూడా గిట్టనంత పైకి. ఆవిడ పేరు దాలమ్మ. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి వీణ్ణీ, వీడి చెల్లెలు నాగమణినీ పెంచింది. గృహప్రవేశం నాడు ఆవిడ ఆశగా వస్తే, "పెద్దోళ్లొత్తారు, సేపల కంపు" అని ఈ సుపుత్రుడు బయట షామియానా కిందే కూర్చోబెట్టాడు. విస్తరి అక్కడికే పంపించాడు. ఆ వానాకాలంలోనే దాలమ్మ పోయింది. పాలరాతి మీద ఒక్క అడుగైనా వెయ్యకుండానే పోయింది.

అందుకే మచ్చలు కనబడగానే ఊరంతా ఒకటే మాట— దాలమ్మ వచ్చింది. బతికుండగా వెయ్యనివ్వని అడుగులు ఇప్పుడు వేస్తోంది.

ఢిల్లీరావు పెళ్లాం గౌతమి పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోయింది. ఢిల్లీరావు భూతవైద్యుడు అసిరయ్య దగ్గరికి పరుగెత్తాడు. దెయ్యం ఎవరిదో అసిరయ్య ఇట్టే చెప్పేస్తాడు. వచ్చినవాళ్లే ముందు చెప్పేస్తారు కదా మరి. మంగళవారం వచ్చి దాలమ్మకి కట్టు కడతానన్నాడు. కట్టు కడితే ఆ ఆత్మ ఇంక ఏ పిలుపుకూ రాదట. ఏడాదికోసారి పేరు చెప్పి పెట్టే అన్నం ముద్ద కూడా దానికి అందదట.

ఈ మాట హరిశ్చంద్రపురంలో కాపురముంటున్న నాగమణి చెవిన పడింది. అమ్మకి ముద్ద అందకుండా చేస్తానంటే ఏ కూతురు ఊరుకుంటుంది? సోమవారం రైలెక్కి వచ్చేసింది.

"కట్టు కట్టనియ్యను, అన్నియ్యా," అంది.

"నీకేటి తెల్దు. ఎనక గదిలో తలుపేసుకుని పడుకో," అన్నాడు ఢిల్లీరావు లోగొంతుకతో. "రేత్రి హాల్లోకి రాకు… అక్కడ ఉంది."

ఉంటే మా అమ్మే కదా, అనుకుంది నాగమణి. లైట్లు ఆరిపోయాక, చప్పుడు కాకుండా వచ్చి హాల్లో గోడకి ఆనుకుని కూర్చుంది. భయం లేక కాదు. కానీ భయం కన్నా ఆశ ఎక్కువగా ఉంది. ఒక్కసారి కనబడితే చాలు. కట్టు సంగతి చెప్పాలి, ఏం కావాలో అడగాలి.

దూరంగా సముద్రం హోరు. ఇంట్లో మాత్రం గాలి కూడా కదలడం లేదు.

అంతలో మెట్ల మీద చప్పుడు… ఆగి, మళ్లీ ఇంకొకటి. తెల్లగా ఏదో గుమ్మం దాకా పోయి నిలబడింది. తల చుట్టూ చెయ్యి తిప్పుకుంది. తర్వాత… కాలి కింద ఏదో చితికిన శబ్దం. ఆ వెంటనే తడి అడుగు. చప్… చప్… తిన్నగా తనవైపే వస్తోంది.

నాగమణి ఒళ్లంతా చెమట పట్టింది. గుసగుసగా అంది—

"వచ్చినావా…?"

ఆకారం దబ్బున కూలబడింది.

"అమ్మా… తప్పయిపోనాది… సేపల కంపని నిన్ను బయట కూకోబెట్టినాను… నన్నొగ్గీ అమ్మా… కట్టు నాను కట్టమన్నేదు, అసిరయ్యే…"

నాగమణి లేచి లైటు వేసింది. తెల్ల లుంగీలో నేలకి కరుచుకుపోయి ఢిల్లీరావు. రొయ్యల బేరంలో పదిమందిని నోరెత్తనివ్వని మొనగాడు. గుమ్మంలో చితికిపోయిన నిమ్మకాయ.

"ఏటి సేత్తన్నావిక్కడ?"

"రోజూ సేత్తన్నదే… అసిరయ్య సెప్పినాడు. సీకట్లో నిమ్మకాయ దిగదుడిసి, కాలితో తొక్కి, ఆ కాలితోనే మచ్చ కాణ్ణించి లోనికి నడవాల. తెల్లారేదాకా తుడవకూడదు."

నాగమణి వంగి, ఇప్పుడే పడిన తడి అడుగుని పైటచెంగుతో తుడిచింది. తడి పోయింది. దాంతోపాటు రాతి మెరుపూ పోయింది. అడుగంత మేర బూడిదరంగుకి తిరిగింది.

"నీ కాలు ఈ పాత మచ్చ మీదెట్టు," అంది.

పెట్టాడు. అతికినట్టు సరిపోయింది.

"రాయి ఏసినోళ్లు నీకు సెప్పలేదేటి, దీనికి పులుపు తగలనియ్యొద్దని?"

"సెప్పినారు. సింతపండన్నారు… నిమ్మకాయనలేదు."

ఈయన తెలివి అంతటిది. మొట్టమొదటి మచ్చ, గృహప్రవేశం నాడు కుంకం అద్ది గుమ్మంలో పెట్టిన నిమ్మచెక్కది. తల్లి పోయాకే అది ఈయన కంట పడింది. ఆ ఒక్క మచ్చని తరమడానికి నిమ్మకాయలు తొక్కీ తొక్కీ, దెయ్యాన్ని హాలంతా తనే నడిపించాడు. చచ్చిపోయిన తల్లి మీద ఊరంతా నింద వేయించాడు.

ఇప్పుడైనా సిగ్గుపడతాడేమో అని చూసింది నాగమణి. ఢిల్లీరావు గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"హమ్మయ్య… అయితే అమ్మ రానేదన్నమాట."

నవ్వాడు కూడా. వెంటనే ఫోను తీసి, పొద్దున్నే వచ్చెయ్యమని పెళ్లానికి చెప్పాడు. అసిరయ్యని రావద్దంటానన్నాడు. మిషను పెట్టి పాలిష్ పట్టిస్తే రాయి మళ్లీ కొత్తదైపోతుందన్నాడు.

కట్టు తప్పింది. అమ్మ ముద్దకి అడ్డు లేదు. వచ్చిన పని అయిపోయింది. అయినా నాగమణి ఆ అడుగుల పక్కనే కూలబడి, మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చింది.

"ఏడుత్తావేటే?" అన్నాడు అన్న. "అమ్మ దెయ్యం కాలేదని తేలిపోనాది కదా."

"అందుకే," అంది నాగమణి. "వత్తాదేమో అనుకున్నాను."