నేల మీది ఉద్యోగం

ఆ ఉదయం ఇంట్లో అందరికీ తొందరే, అతనికి తప్ప. పదో తరగతి చదివే కూతురు ఒక చేత్తో స్కూలు బట్టలు ఇస్త్రీ చేసుకుంటూ, రెండో చేత్తో సైన్సు పుస్తకం పేజీలు తిప్పుతోంది. అతని భార్య ఒక కన్ను పొయ్యి మీది టీ మీద, ఇంకో కన్ను గోడ గడియారం మీద ఉంచింది. లైబ్రరీలో పుస్తకాలు బైండింగ్ చేసే గది తాళాలు ఆమె దగ్గరే ఉంటాయి. ఆమె వెళ్ళేదాకా తోటి పనివాళ్ళిద్దరూ మెట్ల మీద కూర్చోవాలి. అతను మాత్రం వంటింటి కుళాయి విప్పి, వాషర్ మార్చి, బిగించి, అది కారడం లేదని తెలిసి కూడా మళ్ళీ విప్పుతున్నాడు.

మూడు వారాలుగా ఇదే వరస. అతను ఇరవై ఏళ్ళుగా టవర్ క్రేన్ నడిపిన మనిషి. ఎక్కడ పెద్ద భవనం లేస్తుంటే అక్కడే అతని మకాం. మూడు నెలలకోసారి చుట్టంలా వచ్చి, పది రోజులుండి వెళ్ళేవాడు. ఈసారి నెల తిరక్కుండానే పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అడిగితే "సెలవు పెట్టాను" అన్నాడు. ఎన్నాళ్ళని అడిగితే వినపడనట్టు ఊరుకున్నాడు.

"నాన్నా, ఆ కుళాయిని వదిలెయ్. పాపం దానికి ఊపిరాడ్డం లేదు," అంది కూతురు.

అతను నవ్వి, పానా పక్కన పెట్టాడు. చేతులు తుడుచుకుని వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. "ఇద్దరూ ఒక్క నిమిషం కూర్చోండి. ఒక మాట చెప్పాలి."

"నిమిషం కూడా లేదు. బస్సు వెళ్ళిపోతుంది," అంది ఆమె నిలబడే.

"సముద్రం ఒడ్డున చిన్న ఊరు. అక్కడ పడవలు బాగుచేసే యార్డు ఉంది. వాళ్ళకో క్రేన్ ఉంది, చిన్నది. పడవని నీళ్ళలోంచి ఎత్తి ఒడ్డున పెట్టాలి, మరమ్మతయ్యాక దింపాలి. ఆ పని నేను ఒప్పుకున్నాను. మనం ముగ్గురం అక్కడికి వెళ్ళిపోదాం."

ఇస్త్రీపెట్టె ఆగిపోయింది.

"జీతం?" అని అడిగింది ఆమె.

"ఇప్పటిదాంట్లో సగం కూడా ఉండదు." ఆ వెంటనే అతను ఇల్లు అమ్మేవాడిలా గబగబా చెప్పుకుపోయాడు. "కానీ ఇల్లు వాళ్ళే ఇస్తారు. రెండు గదులు. కిటికీ తీస్తే సముద్రమే. గాలి చాలా మంచిది."

"బాగుంది. పొద్దున గాలి, సాయంత్రం గాలి. పిల్లకి ఫీజు కూడా గాలితోనే కడదాం."

"అక్కడా స్కూలుంది."

"నువ్వు చూశావా నాన్నా?" అంది కూతురు.

"చూళ్ళేదు. ఉందని చెప్పారు."

"నా ఫ్రెండ్సందరూ ఇక్కడే ఉన్నారు. నన్నొక్కమాట అడగొచ్చు కదా!" పిల్ల సైన్సు పుస్తకం మూసేసింది.

ఆమె పొయ్యి ఆపేసింది. "దాన్ని అడగలేదు, సరే. నన్నెందుకు అడగలేదు?"

అతను బల్ల మీద టీ మరకని వేలితో రుద్దుతూ కూర్చున్నాడు. ఆమె సంచి భుజాన వేసుకుని, చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే బయటపడింది.

ఆ రోజు ఆమెకు పని చేతికి రాలేదు. పాత అట్లాసు ఒకటి విప్పి కుడుతుంటే, ఒక కట్ట కాగితాలు తలకిందులుగా పెట్టి కుట్టేసింది. దారం కోసి మళ్ళీ మొదలుపెట్టింది. సగం జీతంతో ఎలాగో నెట్టుకురావచ్చు. అంతకంటే తక్కువతో బతికిన రోజులు ఆమెకు తెలుసు. ఆమెకు మింగుడుపడనిది వేరే ఉంది. ఆ ఇంట్లో వెనక గది వాళ్ళ కొడుకు బుజ్జిగాడిది.

వాడు పోయి మూడేళ్ళయింది. వాడికప్పుడు ఆరేళ్ళు. పొద్దున జ్వరం, మధ్యాహ్నానికి ఆసుపత్రి, నాలుగింటికల్లా ఏమీ లేదు. మెదడుకి జ్వరం సోకిందన్నారు. అంత త్వరగా పోతారా ఎవరైనా అని ఆమె డాక్టరు చొక్కా పట్టుకుని అడిగింది. ఆ రోజు భర్తకు పదకొండుసార్లు ఫోన్ చేసింది. క్రేన్ ఎక్కేవాళ్ళు ఫోన్లు కిందే పెట్టెలో పెట్టి తాళం వేయాలని అక్కడి నిబంధన. అతను సాయంత్రం దిగి పెట్టె తెరిచేసరికి అంతా అయిపోయింది. మర్నాడు మధ్యాహ్నానికి ఇల్లు చేరాడు.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ పోట్లాడుకోలేదు. పోట్లాడుకుని ఉంటే బాగుండేదేమో. వాడి మాట ఎత్తకుండా, ఒకరి ముందు ఒకరు ఏడవకుండా మూడేళ్ళు గడిపేశారు. ఒక్కటి మాత్రం మారింది. ఎప్పుడు ఫోన్ చేసినా అతను మొదటి రింగుకే ఎత్తేవాడు. అలా ఎత్తినప్పుడల్లా ఆమె నోటి నుంచి ఒకే మాట వచ్చేది. "ఇప్పుడు మాత్రం వెంటనే ఎత్తుతారు." మొదట్లో కోపంతో అంది. తర్వాత తర్వాత అలవాటుగా అంది. అతను దానికి ఎన్నడూ ఎదురు చెప్పలేదు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి వెనక గదిలో లైటు వెలుగుతోంది. అతను నేల మీద అట్టపెట్టె పెట్టుకుని, బుజ్జిగాడి చొక్కాలు ఒక్కొక్కటే మడతపెడుతున్నాడు.

"ముట్టుకోకండి!" ఆ అరుపు తనదేనని ఆమెకే తెలియలేదు.

"జాగ్రత్తగానే సర్దుతున్నాను. అన్నీ మనతో తీసుకెళ్దాం."

"ఎక్కడికి తీసుకెళ్తారు? వాడికి తెలిసిన ఇల్లు ఇదొక్కటే. మీకేం తెలుసు ఈ గది గురించి? వాడు ఏ గోడ వైపు తిరిగి పడుకునేవాడో తెలుసా? చీకటంటే భయపడేవాడా లేదా? చెప్పండి!"

"తెలీదు," అన్నాడు అతను నెమ్మదిగా.

"తెలీదు కాబట్టే వదిలేసి పోదామంటున్నారు. పారిపోవాలనుంటే మీరు పారిపొండి. మీకది కొత్త కాదు. ఇన్నేళ్ళు మీరు లేకుండానే మేం బతికాం. ఇకముందు కూడా బతుకుతాం."

"అమ్మా, చాలు!" గుమ్మంలోంచి కూతురు.

అతను చేతిలో ఉన్న చొక్కాని ఆఖరి మడత పెట్టి, పెట్టెలో కాకుండా అలమరలో, అంతకుముందు ఉన్నచోటే పెట్టాడు. "సరే. ఆదివారం నేనొక్కణ్ణే వెళ్తాను. నెలనెలా పంపిస్తాను. తక్కువే పంపగలను," అన్నాడు. ఒక్కమాట ఎదురు చెప్పి ఉంటే ఆమెకు కోపమైనా మిగిలేది.

శనివారం అతను టికెట్టు కోసం వెళ్ళాడు. కూతురు ట్యూషన్లో ఉంది. తలుపు కొట్టిన చప్పుడైతే ఆమె వెళ్ళి తీసింది. గుమ్మంలో ఒకతను. చంకలో కర్ర, ఎడమకాలికి మోకాలిదాకా పిండికట్టు. ఒక్క క్షణం ఆమె పోల్చుకోలేకపోయింది. వాళ్ళింట్లో అతన్ని అందరూ ఈలబాబాయి అంటారు. క్రేన్ కింద నిలబడి, ఈల ఊది, చెయ్యి ఊపి పైవాడికి దారి చూపించే పని అతనిది. భర్తతో కలిసి పదిహేనేళ్ళుగా పనిచేస్తున్నాడు.

"అన్న లేడా వదినా? లాకర్లో సామాను వదిలేసి వచ్చాడు. ఇచ్చిపోదామని."

"ముందు లోపలికి రా. ఈ కాలేంటి?"

"అన్న చెప్పలేదా?" అని నాలుక్కరుచుకున్నాడు. సంచి కింద పెట్టి, "నేను మళ్ళీ వస్తాలే వదినా" అంటూ వెనక్కి తిరగబోయాడు. ఒంటికాలి మనిషి ఎంత త్వరగా తిరగ్గలడు! ఆమె కుర్చీ లాగి అతని దారికి అడ్డంగా వేసింది.

"కూర్చో. చెప్పాకే వెళ్ళు."

అతను కూర్చున్నాడు. ఇచ్చిన మంచినీళ్ళు తాగాడు. గ్లాసు చేతుల్లో తిప్పుతూ నోరు విప్పాడు.

"ఇనప చువ్వల కట్ట ఊగి తగిలింది వదినా. విరిగింది కాలే, తల కాదు. అదృష్టం. ఆఫీసుకి గాలి వల్ల ఊగిందని చెప్పాను. అందరూ నమ్మారు."

"గాలి వల్ల కాదా?"

"అన్న ఫోను పైకి తీసుకెళ్ళేవాడు. మూడేళ్ళ నుంచీ. బూటులో దోపుకుని ఎక్కేవాడు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. కొడుకు పోయిన మనిషికి, ఫోను ఇచ్చేసి ఎక్కు అని ఎలా చెప్పను? ఆ రోజు లోడు గాల్లో ఉండగా మోగింది. ఒక్క క్షణం లివరు మీంచి చెయ్యి తీశాడు."

"ఏ రోజు?"

"పోయిన నెల ఆఖరి మంగళవారం. పదకొండు అయ్యుంటుంది, టీ గంట ఇంకా కొట్టలేదు. ఎవరు చేశారన్నా అంటే, ఎవరో రాంగ్ నంబరన్నాడు."

ఆమెకు గుర్తొచ్చింది. ఆ మంగళవారం పొద్దున ఇంట్లో మేడ మీది నీళ్ళ ట్యాంకు తాళం కనపడక, పనికెళ్ళాక బైండింగ్ గదిలోంచి ఫోన్ చేసింది తనే. మొదటి రింగుకే ఎత్తాడు. "తాళాల కోసం చేస్తే మాత్రం ఎంత వెంటనే ఎత్తుతారో!" అంది. అవతల ఏదో పెద్ద కేక వినపడింది, లైను తెగిపోయింది. కోపమొచ్చి పెట్టేశాడనుకుని నాలుగు రోజులు తనూ చేయలేదు.

"అన్న ఉద్యోగం ఎక్కడికీ పోలేదు వదినా," అంటున్నాడు ఈలబాబాయి. "మర్నాడు నిచ్చెన దగ్గరికొచ్చాడు. మూడు మెట్లెక్కి దిగిపోయాడు. 'ఫోను కింద పెట్టి ఎక్కలేనురా, పట్టుకుని ఎక్కలేను. ఇక నేల మీద పని ఏదైనా చూసుకోవాలి' అన్నాడు. ఎంత బతిమాలినా వినలేదు."

అతను వెళ్ళిన గంటకు భర్త వచ్చాడు. గుమ్మం పక్కన లాకర్ సంచి చూసి ఆగిపోయాడు.

"ఆ మంగళవారం చేసింది నేనే కదా?" అంది ఆమె.

"ఏ మంగళవారం?"

"అబద్ధం చెప్పకండి."

అతను చెప్పులు విడిచి, సంచి లోపల పెట్టి, వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "నువ్వు చేశావు. ఎత్తింది నేను. ఎత్తకుండా ఉండాల్సింది. ఇందులో నీ తప్పేం లేదు."

"నేనేమన్నానో గుర్తుందా?"

"లేదు."

గుర్తుందని అతని మొహమే చెప్పింది. మూడేళ్ళుగా ఆమె అన్న ప్రతి మాటా గుర్తుందని చెప్పింది. ఆమె నేల మీద కూలబడి, చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అతను పక్కన కూర్చున్నాడు. చెయ్యి వేయాలో వద్దో తెలియక, కాసేపు గాల్లోనే ఉంచి, తర్వాత ఆమె వీపు మీద వేశాడు.

"అమ్మాయికి చెప్పకు," అన్నాడు. "దాని మనసులో కూడా ఇది వెయ్యొద్దు."

"చెప్పను. ముగ్గురం కలిసే వెళ్దాం, దాన్ని నేను ఒప్పిస్తాను."

అతను ఆదివారం ప్రయాణం మానుకున్నాడు. కూతురు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు తండ్రి ముందుకొచ్చి నిలబడింది. "నాకు ఈత నేర్పిస్తావా?" అంది.

"నాకే రాదమ్మా."

"ఈత రాని వాడివి సముద్రం దగ్గర ఉద్యోగమెందుకు ఒప్పుకున్నావ్ నాన్నా?" అంది. కళ్ళనిండా నీళ్ళతోనే నవ్వింది.

సముద్రం ఒడ్డున ఇల్లు అతను చెప్పినంత అందంగా ఏమీ లేదు. గోడలకు చెమ్మ. కిటికీ తలుపులు ఉబ్బిపోయి ఒక పట్టాన మూసుకోవు. తాళంకప్ప వారానికే తుప్పు పట్టింది. కూరగాయలకు వెళితే రెండు రకాలు కొనేచోట ఒకటి కొనడం అలవాటైంది. కూతురు కొత్త స్కూలు నుంచి వచ్చి, బడిలో లెక్కలు చెప్పేవాళ్ళే లేరని సణిగేది. ఒక్కోరోజు పాత స్నేహితుల ఫొటోలు చూస్తూ అన్నానికి లేచేది కాదు. తల్లి యార్డులో పడవల మీద కప్పే మందపాటి గుడ్డలు కుట్టే పనికి కుదిరింది. పుస్తకాలు కుట్టిన చేతికి ఆ సూది మోటుగా అనిపించేది. బుజ్జిగాడి బట్టల పెట్టె మంచం కింద ఉంది. దాన్ని ఇద్దరూ తెరవలేదు. అతను పొద్దున వెళ్ళి మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేవాడు. రోజూ వచ్చేవాడు. ఆ సంగతికి అలవాటు పడడానికే ఆమెకు చాలా రోజులు పట్టింది.

వానాకాలం ముందు ఒక మధ్యాహ్నం, పడవలేవీ లేక యార్డు ఖాళీగా ఉంది. ఆమె టీ పట్టుకెళ్ళింది. బోర్లించిన పడవ నీడలో ఇద్దరూ కూర్చున్నారు. అతను టీ సగం తాగి, సముద్రం వైపే చూస్తూ అన్నాడు.

"వాడు పోయిన రోజు ఏం జరిగిందో చెప్పు. మొదట్నుంచీ చెప్పు. నేను ఎన్నడూ అడగలేదు. అడిగే హక్కు లేదనుకున్నాను."

ఆమె మొదలుపెట్టింది. పొద్దున వాడు పాలు వద్దన్నది, తల నొప్పెడుతోందని మంచం దిగనన్నది, ఆటోలో ఒళ్ళో పడుకుని దారిలో కనపడిన బళ్ళు లెక్కపెట్టింది, ఆసుపత్రిలో పచ్చగోడల గది, ఏదీ వదలకుండా చెప్పింది. అతను తల వంచుకుని విన్నాడు.

"నన్ను అడిగాడా?" అన్నాడు.

"అడిగాడు. 'నాన్న వస్తున్నాడా?' అన్నాడు."

అతను కళ్ళు మూసుకున్నాడు. ఆ మాట కోసమే, ఆ మాటకు భయపడే, మూడేళ్ళు గడిపినట్టున్నాడు. "నేను రాలేదని తెలిసే పోయాడన్నమాట."

"లేదు." ఆమె అతని మణికట్టు పట్టుకుంది. "దార్లో ఉన్నాడు, వచ్చేస్తున్నాడు అని చెప్పాను. 'అయితే నేను పడుకుంటా, నాన్న రాగానే లేపు' అన్నాడు. అటు తిరిగి పడుకున్నాడు. మళ్ళీ కళ్ళు తెరవలేదు."

"నమ్మాడా?"

"నమ్మాడండీ. నిజంగా నమ్మాడు. మీరు వస్తున్నారనే నిద్రపోయాడు. వాడి మొహంలో దిగులు లేదు." ఆమె అతని మణికట్టు వదల్లేదు. "ఈ ఒక్క మాట చెప్తే మీకు కాస్త ఊరట అని నాకు తెలుసు. తెలిసే దాచాను. మీ మీద కోపంతో మూడేళ్ళు దాచుకున్నాను."

అతను గ్లాసు ఇసుకలో పెట్టాడు. ఆ తర్వాత వచ్చింది ఏడుపు. కొడుకు పోయిన మర్నాడు కూడా అతను అలా ఏడవలేదు. నడివయసు మనిషి చిన్నపిల్లాడిలా, గొంతెత్తి, ఆమె ఒళ్ళో మొహం దాచుకుని ఏడ్చాడు. ఆమె అతని తల నిమురుతూ తనూ ఏడ్చింది. తుడుచుకోవాలని ఇద్దరికీ తోచలేదు.

యార్డు గేటు దగ్గర్నుంచి ఎవరో కేకేశారు. పడవ ఒకటి వచ్చిందనీ, క్రేన్ తీయాలనీ. అతను లేవబోయాడు. ఆమె లేవనివ్వలేదు. చెయ్యి పైకెత్తి, "కాసేపాగండి, వస్తారు!" అని గట్టిగా బదులిచ్చింది.